నలుగురూ ఖాళీ అయ్యేదాకా

ఒక ఆడపిల్ల ఉద్యోగం పోవడానికి కారణమైన కాగితాన్ని నేనే ప్రింటు తీశాను. దాని మీద ఒక గీత ఉంది. ఆ గీత బాగా కిందుగా, దాదాపు బల్లపరుపుగా పోతోంది. మిషను ఖాళీగానే ఉందని దాని అర్థం. అలా అని నేనే మా యజమాని సేఠ్‌కు చెప్పాను.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయింది. నేను ఠాణే దగ్గర మాన్కోలిలో ఒక గోదాములో పనిచేసేవాణ్ణి. చేరింది సరుకు లెక్క చూసే గుమాస్తాగా. కంప్యూటర్ల గది నా చేతికి వచ్చింది మాత్రం నా చదువు వల్ల. బడి చదువు మరాఠీ ఏడో తరగతితోనే ఆగిపోయింది. మా బాపు కామత్‌ఘర్‌లో ఒక కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే కూలీ; అంతకు మించి చదివించడం ఆయన వల్ల కాలేదు. మిగిలినదంతా నేను గ్రంథాలయంలో సంపాదించుకున్నాను. ఆదివారాలు ఠాణే వెళ్లి, ఇంటికివ్వని పుస్తకాల అర ముందు కూర్చుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు కంప్యూటర్ పుస్తకాలను నోట్‌బుక్కుల్లోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. పదకొండు నోట్‌బుక్కులయ్యాయి. ఈ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేవాణ్ణి.

గోదాములో నాలుగు పాత కంప్యూటర్లు నాలుగు పనులు చేసేవి. ఒకటి సరుకు లెక్క, ఒకటి అకౌంట్స్, ఒకటి ఉత్తరాలూ ఫైళ్లూ, ఒకటి గేటు దగ్గర చిట్టీలు. దుమ్ముకు అవి ఒక్కొక్కటే మూలపడుతుంటే సేఠ్ ఒక పెద్ద సర్వరు కొన్నాడు. ఆ ఒక్క యంత్రం లోపలే నాలుగు కంప్యూటర్లు వేర్వేరుగా ఉన్నట్టు నడుస్తాయి. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. వాటికి ఒళ్లుండదు, ప్రతిదీ తానొక్కతే ఉన్నాననుకుంటుంది. సర్వరు బిగించినవాళ్లు, దేనికెంత ఇవ్వాలో మీ పని చూసి మీరే తేల్చుకోండని వెళ్లిపోయారు. సేఠ్ నా వైపు చూశాడు. నా జీవితంలో అంత సంతోషించిన రోజులు తక్కువ.

నాలుగు రోజులు కూర్చుని పంపకం రాశాను. మెమరీ పదహారు జీబీ. సర్వరు తన సొంతానికి రెండు ఉంచుకోవాలి. సరుకు లెక్కకు ఆరు, అకౌంట్స్‌కు నాలుగు, ఫైళ్లకు రెండు, గేటుకు రెండు. కూడితే సరిగ్గా పదహారు. అందులో తప్పేమీ లేదు, ఇప్పటికీ అదే అంటాను. ప్రాసెసర్లు నాలుగు. వాటి దగ్గరికి వచ్చేసరికి నాకు మేముండే ఖోలీ గది గుర్తొచ్చింది. కామత్‌ఘర్‌లో ఒక్కో ఖోలీలో పన్నెండు మంది దాకా ఉంటారు. రాత్రి పాళీ వాడు లేచిన చాప మీద పగటి పాళీ వాడు పడుకుంటాడు. చాప అందరిదీ. రేకు పెట్టె మాత్రం ఎవరిది వాళ్లకే. ఒకడి పెట్టెలో ఇంకొకడు బట్టలు పెట్టడు. మెమరీ పెట్టె లాంటిదనుకున్నాను, అందుకే కొలిచి పంచాను. ప్రాసెసరు చాప లాంటిది, వాడుకుని లేచిపోయేదే కదా, పిసినారితనం ఎందుకని నాలుగు మెషీన్లకూ నాలుగేసి ఇచ్చాను.

గేటు దగ్గర కూర్చునే పిల్లది కామత్‌ఘరే. వాళ్ల నాన్న కూడా సాంచెల మీదే పనిచేసి, చెవులు వినపడక ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో బయటికెళ్లి పని చేసేది ఆమె ఒక్కతే. లారీ లోపలికొస్తే చిట్టీ, సరుకెక్కి బయటికెళ్తే చిట్టీ. వేళ్లు ఎంత వేగమంటే డ్రైవరు నంబరు చెప్పి నోరు మూసేలోగా ఆమె కొట్టేసేది.

వర్షాలు తగ్గేదాకా అంతా బాగానే నడిచింది. దీపావళి ముందు సరుకు పెరిగింది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా లారీలు రోడ్డు మీదికి బారులు తీరేవి. చిట్టీ రాదు. ఆమె మీట నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ ఉండేది. డ్రైవర్లు కిటికీలో తల పెట్టి అరిచేవాళ్లు. మా తెలుగు ప్రాంతం నుంచి వచ్చిన ఒక డ్రైవరు అన్న మాటకు గేటంతా నవ్వింది.

"ఏం మేడం, చిట్టీ ప్రింటు తీస్తున్నవా, సాంచె మీద నేస్తున్నవా?"

ఆమె కూడా నవ్వింది. మూడో రోజుకు నవ్వలేదు. నా గదికొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నా, ఒక్క ముచ్చట. అకౌంట్సోళ్లు చాయ్‌కు పోయిన్రనుకో, నా మిషను మంచిగ ఉరుకుతది. వాళ్లొచ్చి కూసున్నరంటే మళ్ల గదే ఏడ్పు."

"వాళ్లది వేరే కంప్యూటరు, నీది వేరే చెల్లె. వాళ్ల చాయ్‌కు నీకు సంబంధమేంది?"

"వేరే ఎట్లయితది? అన్నీ గీ ఒక్క డబ్బలనే ఉన్నయని నువ్వే చెప్తివి."

"ఉన్నా వేరేనే. చదివితే తెలుస్తది."

ఏడో నంబరు నోట్‌బుక్కు తీసి పేజీ కూడా చూపించాను. ఆమె ఆ పేజీ వైపు చూడలేదు. నా వైపు చూసి వెళ్లిపోయింది.

మర్నాడు సేఠ్ నన్ను పిలిచాడు. "కంప్యూటర్ ఖరాబ్ హై, యా ఆద్మీ ఖరాబ్ హై?" చెడింది మిషనా, మనిషా, ఆయనకు ఒక్క మాటలో జవాబు కావాలి. నేను గేటు మెషీన్ లోపలి గ్రాఫు తెరిచాను. లారీలు ఆగిపోయిన రెండు గంటల్లోనూ గీత కిందనే ఉంది. మిషను పని లేక కూర్చుందన్నమాట. ప్రింటు తీసి ఇచ్చి, మిషనులో లోపం లేదన్నాను. మనిషిలో ఉందని నేననలేదు. ఆ రెండో మాట సేఠ్ తానే అనుకుంటాడని నాకు తెలుసు. బుధవారం ఆమెను రేపటి నుంచి రావద్దన్నారు. గురువారం ఆ కుర్చీలో సేఠ్ బావమరిది కూర్చున్నాడు. ఆ రోజు కూడా లారీలు ఆగాయి. కొత్త కదా, నేర్చుకుంటాడన్నాడు సేఠ్.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి బాపు అప్పుడే కార్ఖానా నుంచి వచ్చి, తలకంటిన దూది దులుపుకుంటూ తిడుతున్నాడు.

"ఇయ్యాల పొద్దటి సంది నా సాంచె ఒకటి బందే ఉన్నది. భీము ఎక్కియ్యాలె."

భీమంటే పడుగు నూలు చుట్టిన ఇనుప దూలం. అది అయిపోతే కొత్తది ఎత్తి సాంచెకు పెట్టాలి.

"ఎందుకు ఎక్కియ్యలే?"

"మొన్న ఒకని కాలు మీద పడ్డది గదా. గందుకని నలుగురు పట్టుకుంటెనే లేపాలెనని ముకద్దం మేస్త్రి రూలు పెట్టిండు. నలుగురు ఒక్కపారి యాడ దొర్కుతర్రా? ముగ్గురొస్తరు, నాలుగోనికి దారం తెగుతది. వాడొచ్చేదాక ముగ్గురు నిలబడ్తరా? వాళ్ల సాంచెల కాడికి వాళ్లు ఉరుకుతరు."

"ఇద్దరు లేపలేరా?"

"నాది సన్న భీము. ఇద్దరే ఎక్కువ." బాపు తువ్వాలు విదిలించాడు. "నలుగురు ఖాళీ అయ్యేదాక కూసున్న. మళ్ల ఆ ముకద్దమే వచ్చి, ‘క్యా రే, ఖాలీ బైఠా హై?’ అంటడు. ఖాళీగ కూసోబెట్టిందెవడ్రా?"

అమ్మ నవ్వింది. నాకు గేటు మిషను గుర్తొచ్చింది. చాప మీద ఒక్కడు పడుకుంటాడు. మా సర్వరు మాత్రం ఒక మెషీనుకిచ్చిన ప్రాసెసర్లన్నీ ఒక్కసారే ఖాళీ అయితేనే దాన్ని నడుపుతుంది; నేనిచ్చిన పంపకంలో ప్రతి మెషీనుకూ నాలుగు చాపలూ ఒకేసారి కావాలి. గేటు చిట్టీ చిన్న పని, ఒక్క ప్రాసెసరుకే ఎక్కువ. దానికి నాలుగు అంటగట్టాను కాబట్టి నాలుగూ ఒకేసారి ఖాళీ అయ్యేదాకా అది కదలలేదు. అకౌంట్స్ వాళ్లు చాయ్‌కు వెళ్తే కదిలేది. గేటు మెషీను లోపలి గ్రాఫు తాను నడిచిన సమయాన్నే గీస్తుంది. తనను ఆపి ఉంచిన సమయం దానికి తెలియదు.

శుక్రవారం లారీలు రాకముందే గోదాముకు వెళ్లి సర్వరు సొంత తెర తెరిచాను. ఎదురుచూసిన సమయానికి అక్కడ ఒక వరస ఉంది. నా పదకొండు నోట్‌బుక్కుల్లో ఆ వరస లేదు. ఆ అధ్యాయంలో పట్టికలు ఎత్తి రాసుకుని, కింద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరికలు వదిలేశాను. గేటు మెషీను పేరు ఎదురుగా ఉన్న అంకె తక్కిన మూడింటినీ మించి ఉంది. మెషీన్లు ఆపి, గేటుకు ఒకటి, ఫైళ్లకు ఒకటి, తక్కిన రెండింటికీ రెండేసి ప్రాసెసర్లు ఇచ్చి మళ్లీ నడిపాను. సాయంత్రం నాలుగింటికి చిట్టీలు మీట నొక్కగానే రాలాయి. సేఠ్ తన బావమరిది భుజం తట్టి నాతో అన్నాడు, "దేఖా? ఆద్మీ బదలా, కామ్ బదల్ గయా."

మనిషి మారాడు కాబట్టి పని మారిందట. సర్వరులో కొంచెం సర్దుబాటు చేశానన్నాను. ఆ మాట ఎంత చిన్నగా అన్నానంటే, ఆయన వినాల్సిన అవసరం లేకపోయింది.

ఆదివారం ఠాణే వెళ్లలేదు. కామత్‌ఘర్‌లో వాళ్ల ఖోలీ వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె తల్లితో కలిసి గుమ్మంలో కండెలు చుడుతోంది. చెప్పవలసింది చెప్పాను. భీము సంగతి చెప్పగానే ఆమెకు అర్థమైంది. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"సేఠ్‌కు చెప్పినవా?"

"లే."

"మరి నాకెందుకు చెప్తున్నవన్నా? నాకు ముందే ఎరుక గదా."

తల్లి చేతిలో దారం ఆపి, "ఊకో, ఇంటికొచ్చిన మనిషిని గట్లంటరా," అంది.

"గట్లనే అంట. రెండు గోదాములకు పోయిన. ఇద్దరూ గదే అడిగిన్రు, అక్కడ ఎందుకు తీసేసిన్రని. ఏం చెప్పాలె? మిషను మంచిదే, నేనే ఖరాబని చెప్పాల్నా?" తర్వాత గొంతు తగ్గించింది. "తప్పు నాది కాదని కాగితం రాసియ్యి."

జేబులో కలం ఉంది. మరాఠీలో రాశాను. ప్రాసెసర్లు, వర్చువల్ మెషీన్లు, ఎదురుచూపు సమయం, అన్నీ పెట్టి పేజీ నింపాను. ఆమె చదివి తిరిగిచ్చింది.

"గింత పొడుగు గేటు కాడ ఎవడు చదువుతడు? రెండు లైన్లు చాలు."

రెండు లైన్లు రాశాను. చిట్టీలు ఆలస్యమైంది సర్వరు పంపకం తప్పుగా చేయడం వల్ల. ఈ అమ్మాయి పనిలో ఏ లోపం లేదు. ఆమె మళ్లీ చదివి కాగితం నా ముందే పెట్టింది.

"పంపకం చేసిందెవరు, కింద రాయలేదేందన్నా?"

నేను కావాలని మానేశానో, మరిచిపోయానో ఇప్పటికీ చెప్పలేను. పేరు రాసి సంతకం పెట్టాను.

పది రోజులు గడిచాయి. మరో బుధవారం సేఠ్ నన్ను గదిలోకి పిలిచాడు. ఫోను రిసీవరు బల్ల మీద పడుకోబెట్టి ఉంది. అవతల ఎవరో ఉన్నారు. పక్క గోదాము వాళ్లు ఏదో కాగితం గురించి అడుగుతున్నారు, నీ పేరంటున్నారు, మాట్లాడు అన్నాడు. ఆయన కుర్చీలోనే కూర్చుని నన్ను చూస్తున్నాడు.

అవతలి మనిషి హిందీలో అడిగాడు. ఈ కాగితం రాసింది మీరేనా?

అవునన్నాను.

పిల్ల తప్పు లేదా?

సేఠ్ ముఖం చూడకుండా గోడ వైపు చూస్తూ, "గల్తీ మేరీ థీ," అని తప్పు నా మీద వేసుకున్నాను. "ఆమె నాకు ముందే చెప్పింది. నేను వినలేదు."

అవతల ఎవరితోనో ఏదో మాట్లాడాడు. తర్వాత మళ్లీ ఫోనులోకి వచ్చి, చేతి వేగం ఎలా ఉంటుందని అడిగాడు.

డ్రైవరు నోరు మూసేలోగా కొట్టేస్తుందని చెప్పాను. అయితే రేపటి నుంచి ఆమెను రమ్మంటానని అవతలి మనిషి ఫోను పెట్టేశాడు. నేను రిసీవరు పెట్టి సేఠ్ వైపు తిరిగాను.