ఎండలో ఆగిపోయిన మా పడవ

మా చిన్నప్పుడు... ఉగాది వెళ్లగానే మా ఇల్లు కదిలేది. నిజంగానే కదిలేది. మా ఇల్లు పడవే మరి.

ఏడాదంతా మండపేట మిల్లులకు ధాన్యం మోసిన పడవని మా అమ్మ కడిగి, ఆరబెట్టి, గూడు కింద చాపలు పరిచేది. కుంపటి, ఊరగాయ జాడీ, మా మామ్మ, చెల్లి, నేను... అందరం తీర్థానికి తయారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ కుదరకపోతే నాన్న గట్టెక్కి, నడుముకి తాడు కట్టుకుని లాగేవాడు. ఆ కాలువ మీద ఆయనంత పడవవాడు లేడు. గొప్పకి చెబుతున్నానా అంటే, అవును, గొప్పకే చెబుతున్నాను.

బడి అంటారా... పడవ ఆగిన ఊళ్లో ఆగినన్నాళ్లే నా చదువు. నా రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఎక్కడ నీడ కనపడితే అక్కడ ఆగేవాళ్లం. వంతెన కింద ఈతలు, గట్టు మీద వంట, ఉప్పూకారం అద్దిన పచ్చిమామిడి ముక్కలు... ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూసుకుని, కాలువలు కట్టేసే లోపు వెనక్కి వచ్చేసేవాళ్లం.

కాలువలు కట్టేయడం అంటే ఇప్పటివాళ్లకి విడమరిచి చెప్పాలి. వేసవిలో మరమ్మతుల కోసం పైన నీళ్లు ఆపేస్తారు. ఆ లోపు పడవలన్నీ లాకుల దగ్గర లోతు నీళ్లలోకి చేరిపోవాలి. చెక్క పడవ ఎండలో ఉండిపోతే పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. ఇక అది పడవ కాదు. మాకైతే ఇల్లూ కాదు, కూడూ కాదు.

ఆ ఏడు ద్రాక్షారామంలో మా మామ్మ మొండికేసింది. మా మేనత్త వస్తానని కబురు పెట్టిందట, కూతుర్ని చూడందే కదలనంది. లాకు తలుపులు చూసుకునే లస్కరు సైకిలు దిగి మరీ నాన్నకి చెప్పాడు.

“బాబాయ్, రేపు పొద్దున్నే తలుపులు దించేస్తారంట. ఇయ్యాలే కదిలిపోండి.”

“నాకు చెప్తున్నావేంట్రా? తలుపులు దించినా ఈ కాలవలో నీళ్లు నాలుగు రోజులుంటాయి. నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తన్నాను.”

“ఈసారి కింద తూములు కూడా ఎత్తేస్తారంటండి, ఉన్న నీళ్లూ పోతాయి...”

“ఎల్లెల్లు. నీ పని చూసుకో.”

మర్నాడు మేనత్త వచ్చింది. తల్లీకూతుళ్లు కరువుదీరా మాట్లాడుకున్నారు. అప్పుడు కదిలాం. సగం దారిలో, ఊళ్లకి దూరంగా ఒక మలుపులో పడవ బురద మీద కూర్చుంది. సాయంత్రానికి కాలువ అడుగు కనపడింది.

మా చెల్లికీ నాకూ పండగే. గుంటల్లో చెయ్యి పెడితే మట్టగిడసలు, జెల్లలు... అమ్మ చేపల పులుసు పెట్టింది. ఆ ఆనందం ఆ ఒక్క పూటకే.

తెల్లారగానే నాన్న మా చేతికి బిందెలిచ్చాడు. గుంటల్లో నీళ్లు తెచ్చి పడవ మీద పోయాలి. పలకల మీద గోనెసంచులు పరిచి, అవి ఆరకుండా తడుపుతూ ఉండాలి. అమ్మ, నాన్న, నేను, చెంబు పట్టుకుని చెల్లి... పడవలోంచి నీళ్లు తోడిపోసేవాళ్లని మీరు చూసి ఉంటారు. తెచ్చి పోసిన సంసారం మాదే.

గట్టున పోయేవాళ్లు ఊరుకుంటారా.

“ఏం మావా, పడవకి పురిటి స్నానమా?”

“కాదెహె, నీ పెళ్లికి పల్లకీ కింద ఇద్దామని కడుగుతున్నా!”

మొదట్లో నాన్న అలా బదులిచ్చేవాడు. పోను పోను ఆ మాటలు వినపడగానే బిందె తీసుకుని గుంట వైపు నడిచేవాడు.

మామ్మ గూడు నీడలో కూర్చుని “నా మూలానే, అంతా నా మూలానే” అని సణిగేది. ఒకరోజు అమ్మకి విసుగొచ్చింది.

“మీరూరుకోండి అత్తయ్యా. మీరు ఆగమన్నారు సరే, ఆ లస్కరు మాట వినాల్సినోళ్లు విన్నారా?”

నాన్న విన్నాడు. బిందె మాత్రం ఆపలేదు.

దగ్గర గుంట ఎండిపోయింది. దూరం గుంటకి నడిచాం. అదీ ఎండింది. చివరికి బురద తెచ్చి పలకలకి మెత్తాం. మిట్టమధ్యాహ్నం చెక్క టప్పుమని విచ్చుకునేది. ఆ చప్పుడు వినపడితే నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

నీళ్లు వదిలిన రోజు గట్టు నిండా జనం. ఎర్రటి నీళ్లు చెత్తని తోసుకుంటూ వచ్చాయి. నాన్న గెడ పట్టుకుని ముందు నిలబడ్డాడు. నీళ్లు లేచాయి... పడవ లేవలేదు. సందుల్లోంచి ధారలు కట్టి లోపలికి వచ్చేశాయి. మా చాపలు తేలాయి.

“దిగండయ్యా, దిగండి!” అని గట్టు మీంచి అరుపులు.

మమ్మల్ని దింపాడు, తను దిగలేదు. నడుం లోతు నీళ్లొచ్చినా గెడ వేస్తూనే ఉన్నాడు. పడవ నేలని అంటుకుపోయిందని ఆయనకి తెలియదా...

అమ్మే వెళ్లి చెయ్యి పట్టుకుంది. “రండి... అయిపోయిందండి.”

తరువాత నాన్న మిల్లులో బస్తాలు మోశాడు. అందరం కలిసి మళ్లీ ఏ ఊరూ వెళ్లలేదు. ఎవరు తీర్థానికి పిలిచినా “మీరెళ్లిరండి” అనేవాడు. లారీలొచ్చాక ఆ పడవ ఎలాగూ మూలపడేదే కదా అంటాడు మా అబ్బాయి. నిజమే. అయితే లారీల వల్ల పోవడం వేరు, తన మాట నెగ్గాలనుకున్నందుకు పోవడం వేరు. ఆయన కట్టె కాలేదాకా అది మోశాడు.

ఇప్పుడు ఆ కాలువ నిండా గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. వంతెన మీద వాసనకి మా మనవలు కారు అద్దాలు ఎత్తేస్తారు. అందులో పడవలు తిరిగాయంటే “ఊరుకో తాతా” అని నవ్వుతారు. నేనూ చెప్పడం మానేశాను.

కాలువ మీద పడవలో తీర్థానికి వెళ్లినవాళ్లు మీలో ఎవరైనా మిగిలి ఉంటే కింద ఒక్క మాట రాయండి... పెద్ద కథ అక్కర్లేదు, ‘ఉన్నాను’ అంటే చాలు. ఎవరూ రాయకపోతే, ఇక నేనొక్కణ్ణే అనుకుంటాను.