నాన్న ఎంచుకున్న వణుకు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. మా ఇంట్లో పిల్లి ఉంటే నా నోట్లోంచి పులిగానే బయటికొస్తుంది.

మా నాన్నకి పార్కిన్సన్స్ వచ్చాక ఆయన చేతిలో కాఫీ గ్లాసు టకటకలాడితే ముసునూరులో మా మామిడి తోట నుంచి విస్సన్నపేట దాకా వినిపించేది. మా దృష్టిలో ఆ వణుకే జబ్బు. చుట్టాలొస్తే అమ్మ ఆయన చేతి మీద తువ్వాలు కప్పేసేది. అందుకే పట్టుబట్టి వణుక్కని ఇంకో మాత్ర రాయించాం. చెయ్యి నిలబడింది, మనిషి పడుకున్నాడు. పొద్దున టిఫిను తిని వాలితే ఎండ దిగేదాకా నిద్రే. ఆ గురకకి హనుమాన్ జంక్షన్‌లో లారీలు పక్కకి తప్పుకునేవి.

సరిగ్గా చిన్నరసాలు మాగేసే రోజులవి. వెనక గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పి మాగ పెట్టేవాళ్ళం. రోజూ పొద్దున్నే ఆ గడ్డి తీసి పండినవి ఏరడం నాన్న పని. ఇంకెవర్నీ గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ ఏడు నేను ఏరాను. పచ్చివి బయటికి తీసి, పండినవి లోపలే వదిలేశాను. ఈగలు మూగి ఊరంతా మబ్బు పట్టింది.

మళ్ళీ విజయవాడ ఆసుపత్రికి వెళ్ళాం. వణుకు పోయిందని అమ్మా నేనూ పోటీపడి చెప్పాం. డాక్టరమ్మ మమ్మల్ని వదిలేసి నాన్న వైపు తిరిగి, మీకెలా ఉందండీ అని అడిగింది.

ఆయన నిద్రమత్తు విదిలించుకుని మాట కూడదీసుకున్నాడు.

"చెయ్యి ఆగిందమ్మా. దాంతోపాటు నేనూ ఆగిపోయాను. పొద్దున మాగ దగ్గర నాకు మెలకువ కావాలి. చెయ్యి వణికితే వణకనీ."

"నలుగురూ చూస్తారండీ," అంది అమ్మ మెల్లగా.

"చూసి వెళ్ళిపోతారు. మాగ తిప్పాల్సింది నేను."

ఆ మాత్ర నెమ్మదిగా తగ్గించి ఆపేద్దామనీ, వణుకు మాత్రం మళ్ళీ వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. నాన్న తల ఊపాడు. అది జబ్బు ఊపింది కాదు, ఆయనే ఊపాడు.

మాత్ర తగ్గేకొద్దీ వణుకు తిరిగొచ్చింది, దాని వెనకే నాన్న కూడా. లుంగీ నిండా గడ్డి పరకలతో, పొద్దున్నే పీట మీద కూర్చుని, నేను వదిలేసిన పండు ఒక్కోటీ నాకు చూపించి మరీ పక్కన పెట్టేవాడు. రసం పండు ఆయన గుప్పిట్లో పెడితే పిసకాల్సిన పనే లేదు, ఆ వణుక్కి దానంతటదే మెత్తబడేది. మా పళ్ళు కూడా ఆయన చేతికిచ్చి వరసలో నిలబడేవాళ్ళం. ఆయన ఉన్నన్ని వేసవులూ అలాగే గడిచాయి.

లారీలూ ఈగలూ నేను కాస్త పెంచినవి. పూర్తిగా అల్లింది ఆ గుప్పిట్లో పండు సంగతే. నిజానికి ఒక్క పండు పిసకడానికి ఆయనకి మా అందరి తినడాలూ అయిపోయేంత సేపు పట్టేది. ఒక్కోసారి తొక్క చిట్లి రసం మోచేతి దాకా కారేది. నేను పిసికిస్తానని చెయ్యి చాపితే, పండుతో సహా అటు తిరిగి కూర్చునేవాడు.