పోయిరా బిడ్డా

పనిమీద వరంగల్‌లో మూడు రోజులున్నాను. నేను భోంచేసే హోటల్లో పళ్లేలు రోబో తెచ్చేది. చెయ్యి ఊపితే వెళ్లిపోయేది. ఎవరితోనూ మాట్లాడే పనిలేదని నాకదే హాయి.

చివరి రోజు మధ్యాహ్నం వేరే చోటు లేక, నర్సంపేట నుంచి దవాఖానకొచ్చిన ఒక పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు. రోబో ఆయనకు అన్నం తెచ్చి, ఆయన పళ్లెం తీసుకున్నాక కూడా అక్కడే నిలబడింది.

"చెయ్యి ఊపండి, పోతుంది," అన్నాను.

"అన్నం తెచ్చినోన్ని చెయ్యి ఊపి ఎల్లగొడ్తరా ఎవలన్న?" అని నన్ను కసిరి, దానివైపు తిరిగాడు. "పోయిరా బిడ్డా."

అది కదల్లేదు. ఆయన తిన్నంతసేపూ అలాగే ఉంది.

చెయ్యి కడుక్కొచ్చి, "పోయొస్త బిడ్డా," అని ఈసారి నాతో అన్నాడు. ఆ ఊళ్లో నాకు చెప్పి వెళ్లిన మనిషి ఆయనొక్కడే. అలవాటుగా చెయ్యి ఊపాను.

ఆయన వెళ్లాడు. రోబో కూడా వెళ్లిపోయింది.