ముక్కు బరువు

మొన్న పత్తి మార్కెట్టుకు ఆటోలో పోతుంటే ముందర ఒక ట్రాక్టరు కనిపించింది. ట్రాలీలో ముందు సగం ఖాళీగా వదిలేసి, పత్తి బస్తాలన్నీ వెనక్కి పేర్చారు. ట్రాలీ తోక కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతోంది. ఎవరూ పట్టించుకునేంత ఊపు కాదు. నేను మాత్రం ఆటో పక్కకు ఆపించాను. "రోజూ అట్లనే ఊగుతది పెద్దనాయినా, ఏం కాదు" అన్నాడు ఆటో అతను. ఏం కాదని నాకూ తెలుసు. అయినా ఆ ట్రాలీ మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా దిగి రోడ్డు పక్కనే నిలబడ్డాను. అతను నా వయసుకు మర్యాద ఇచ్చి, ఇంజను ఆపేసి బీడీ ముట్టించుకున్నాడు.

ఎనభైల నడుమ నేను బహ్రెయిన్‌లో, చమురు కంపెనీ ఊరైన అవాలీకి దగ్గర్లోని ఒక చిన్న గ్యారేజీలో ఫిట్టరుగా పనిచేసేవాణ్ని. ఎన్ని ఉత్తరాల్లో బహ్రెయిన్ అని రాసినా మా అమ్మ మాత్రం వాడకట్టులో అందరికీ కొడుకు దుబాయిలో ఉన్నాడనే చెప్పేది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లల తండ్రిని. గ్యారేజీలో మా అందరికీ పెద్ద నిజామాబాదు నుంచి వచ్చిన ఒక సాయెబు. మేమంతా చాచా అనేవాళ్లం. గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకు పాన కంటే ముందు చీపురు చేతికిచ్చేవాడు. నేల ఊడ్వడం రానివాడికి ఇంజను అప్పగించకూడదని ఆయన సిద్ధాంతం.

మాకు వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని, మా కఫీలు దగ్గర ఒక అమెరికా క్యారవాన్ ఉండేది, అంటే కారు వెనక కట్టుకొని లాక్కుపోయే చక్రాల ఇల్లు. అందులో పరుపులు, పొయ్యి, చిన్న కిటికీలకు పూల తెరలు. అవాలీలో పనిచేసి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట. అది ఆయన తల్లి కోసం. ఆమెను మేం మాలో మేం అవ్వ అనుకునేవాళ్లం. పడమటి సముద్రం మీది జల్లాఖ్ ఒడ్డున ఈతమట్టల గుడిసెలో పుట్టి పెరిగిన మనిషి. కొడుకు కట్టించిన మేడలో ఆమెకు చలికాలం నిద్ర పట్టేది కాదు. ఏడాదికి ఒక నెల ఆ ఒడ్డున క్యారవాన్‌లో ఉండి, పొద్దున లేస్తూనే సముద్రం చూస్తే తప్ప ఆమెకు ఆ ఏడు గడిచినట్టు కాదు. బయల్దేరే రోజు పొద్దున మా గ్యారేజీ అందరికీ తన చేత్తోనే ఖర్జూరాలు పంచేది.

క్యారవాన్‌ను కారుకు ఊరికే తగిలిస్తే దాని ముందు భాగం, చాచా మాటలో ముక్కు, కారు వెనక భాగాన్ని కిందికి తొక్కేస్తుంది. అప్పుడు కారు ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగు మాట వినదు. అందుకని ఆ బరువును అన్ని చక్రాలకూ పంచే కొక్కెం ఒకటి ఉంటుంది. దాన్ని మేం తరాజు అనేవాళ్లం. రెండు బలమైన ఉక్కు కడ్డీలు, వాటి చివర్లలో రెండు గొలుసులు. చాచా ముందుగా కారు ముందు మడ్గార్డు నేలకు ఎంత ఎత్తులో ఉందో ఒక ఈతకర్ర మీద సుద్దతో గీత పెట్టేవాడు. క్యారవాన్ తగిలించాక మడ్గార్డు ఆ గీత దాటి పైకి లేస్తుంది. అప్పుడు జాకీ పెట్టి ఎత్తి, గొలుసులు ఒక్కో లంకె బిగించి, మళ్లీ గీత దగ్గరికి దించేవాడు. ఆ కర్రను ఎవరైనా ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. వీటన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి ఉండేది. కొక్కెం విప్పి ఇద్దరు మనుషులు ఆ ముక్కు పట్టుకుని ఎత్తి చూడాలి. ఇద్దరికీ నడుం పట్టేసేంత బరువుంటేనే బండి కదలాలి. ఒక్కడికే లేచిందంటే సామాను మళ్లీ సర్దాలి.

నాకు ఆ పరీక్ష ఎప్పుడూ తలకిందుగా కనిపించేది. మా నాయన ఎడ్లబండి తోలేవాడు. బస్తాలు పేర్చాక కాడి కింద వేలు పెట్టి ఎత్తేవాడు. వేలితో లేవకపోతే బస్తాలు వెనక్కి జరిపించేవాడు. లేకపోతే ఎద్దు మెడ పుండు పడుతుంది. బరువు ముందుకు పడేలా పేర్చేవాణ్ని మా నాయన మనిషి కిందే లెక్కపెట్టేవాడు కాదు. నేను నడవడం కంటే ముందు నేర్చుకున్న విద్య అది.

ఆ ఏడు బయల్దేరే రోజు శుక్రవారం. చాచా నమాజుకు పోతూ, తరాజు నువ్వే కట్టు, ముక్కు మాత్రం నేనొచ్చాక చూద్దామన్నాడు. నాకు అంత పెద్ద పని మొదటిసారి చేతికొచ్చింది. క్యారవాన్ ముక్కు కారును తొక్కుతుంటే నాకు మెడ వంచిన ఎద్దే కనిపించింది. నీళ్ల డబ్బాలు, గ్యాసు సిలిండరు, బియ్యం, తివాచీలు, అన్నీ మోసుకుపోయి వెనక పెట్టాను. కొక్కెం విప్పి చూస్తే ముక్కు ఒక్క చేత్తో లేచింది. మళ్లీ తగిలిస్తే గొలుసులు బిగించాల్సిన పనే పడలేదు, మడ్గార్డు సరిగ్గా సుద్దగీత మీద నిలబడింది. చాచాకు తెలియని ఒడుపేదో నాకు తెలిసిందని పొంగిపోయాను. జల్లాఖ్ చేరాక అందరి ముందూ చెప్పి నవ్వించాలనుకున్నాను.

చాచా వచ్చేసరికి అవ్వ కారులో కూర్చుని ఉంది, యల్లా యల్లా అని తొందరపెడుతోంది. చాచా కర్ర పెట్టి చూశాడు, గీత సరిపోయింది. మళ్లీ విప్పి ఎత్తే తీరిక లేక నా వైపు తిరిగి, "ముక్కు బరువు చూశినవా?" అన్నాడు.

"చూశిన చాచా" అన్నాను. చూసిన మాట నిజమే. ఒక్క చేత్తో లేచిందని మాత్రం చెప్పలేదు.

కారు చాచా నడిపాడు, పక్క సీట్లో కఫీలు కూర్చున్నాడు. వెనక పికప్పులో నేనున్నాను. అవాలీ దాటి పడమటి దిగుడు మొదలయ్యేదాకా బాగానే పోయింది. దిగుడులో క్యారవాన్ తోక ఒకసారి జానెడు ఊగింది. తర్వాత మూరెడు. తర్వాత రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు. చాచా బ్రేకు తొక్కలేదు, వేగం తగ్గించి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఇంకెవరైనా అయితే అందరూ పోయేవాళ్లే. క్యారవాన్ ఇసుకలోకి ఒరిగి పడిపోయింది, పడుతూ పడుతూ కారును అడ్డంగా తిప్పేసింది. నేను పరుగెత్తి తలుపు తీసేసరికి అవ్వ ఒళ్లో ఖర్జూరాల గిన్నె అలాగే ఉంది. ఏడవలేదు. కాలు కదలడం లేదని మాత్రం కొడుకుతో మెల్లగా చెప్పింది.

తుంటి విరిగింది. ఆసుపత్రి వసారాలో కఫీలు మమ్మల్నిద్దరినీ నిలబెట్టి తరాజు ఎవరు కట్టారని అడిగాడు. నేను నోరు తెరవాలి. నా పిల్లలు, నా డ్యూటీ, ఊళ్లో మా అమ్మ, అందరూ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చారు. ఆ కాస్త ఆలస్యంలో చాచా తనే కట్టానని చెప్పేశాడు. కఫీలు చెడ్డవాడు కాదు, కేకలు వేయలేదు. నెల తిరిగేసరికి చాచాను ఇంటికి పంపించేశాడు.

వెళ్లేముందు చాచా నన్ను గ్యారేజీ వెనక్కి, వంగిపోయిన క్యారవాన్ దగ్గరికి తీసుకుపోయాడు. సామాను వెనక్కి ఎందుకు జరిపావని అప్పుడు అడిగాడు. ఎద్దు మెడ సంగతి చెప్పాను.

"ఎద్దుకు నొప్పి తెలుస్తది బిడ్డా. కారుకేం తెలుస్తది? ముక్కు బరువుంటెనే తోక నిలుస్తది" అన్నాడు.

నా తప్పు మీ మీద ఎందుకు వేసుకున్నారని అడిగాను.

"నువ్వు చూశిన అన్నవు, నేను ఇన్న. తోలెటోడు ఇంటె సాలదు, ఎత్తి చూడాలె. అది నా తప్పు. నీ తప్పు నీ దగ్గరనే ఉంది" అన్నాడు. తర్వాత నీళ్ల డబ్బాలు ముందువైపు పెట్టించి నాతో ముక్కు ఎత్తించాడు. నాకు లేవలేదు. ఆయన కూడా చెయ్యి వేశాడు. ఇద్దరికీ నడుం పట్టేసింది. "గిది" అన్నాడు. ఈతకర్ర నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

అవ్వ మళ్లీ జల్లాఖ్ చూడలేదు. మరుసటి చలికాలం రాకముందే పోయింది. క్యారవాన్ బాగు చేయించాక అందులో మనవలు పోయేవారు, తరాజు నేనే కట్టేవాణ్ని. కఫీలుకు నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకునేవాణ్ని. చెప్పలేదు. ఇప్పటిదాకా చాచాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్ల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు నిజామాబాదు పోయాను. చాచా ఒక సైకిలు షాపు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డానికి గోరింటాకు మానేశాడు. క్షమించమని అడగాలని పోయినవాణ్ని, క్షేమం అడిగి పక్కన కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు. అవ్వ పోయిన సంగతి చెబితే కళ్లు మూసుకుని ఏదో చదువుకున్నాడు. తరాజు ఎవరు కడుతున్నారని అడిగాడు. నేనేనన్నాను.

"ముక్కు బరువు చూస్తున్నవా?"

"చూస్తున్న చాచా. ఇద్దరం ఎత్తి చూస్తున్నం."

తల ఊపి, చాయ్ చల్లారిపోతోంది తాగమన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు దాపరికం లేని జవాబు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. అవ్వకు అన్నేళ్లు మిగల్లేదు.