మంద జాగాలో సాఫ్ట్‌బాల్

నేను ఏది చెప్పినా సగం తీసేసి వినాలని మా బడిలో ఒక అలవాటు ఉండేది. అందుకని ముందే చెబుతున్నాను: ఇందులో బంతి ఎగిరిన దూరాలను మీకు తోచినంత తగ్గించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అవ్వ గెంతిందన్న మాట మాత్రం తగ్గించకండి. అది నా రెండు కళ్లతో చూశాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను మర్రిగూడ దిక్కు ఒక ఊరి హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ, ఖోఖో ఆడించడం, ప్రార్థన వేళ ఈల వేయడం, ఇంతే నా చదువు. ఒకరోజు నల్గొండ నుంచి ఆటసామాను సంచి వచ్చింది. విప్పితే రెండు బ్యాట్లు, నాలుగు తోలు గ్లవ్‌లు, పెద్ద బత్తాయంత బంతులు ఆరు. హెడ్మాస్టరు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"గిదేం ఆటయ్యా?"

"సాఫ్ట్‌బాల్ సార్," అన్నాను. సంచి మీద రాసి ఉంది.

"నీకొస్తదా?"

"గట్లంటరేంది సార్? కాలేజీల ఉన్నప్పుడు రాష్ట్రానికి ఆడిన!"

నిజానికి అంతకుముందు ఏడాది నల్గొండలో ఒక్కరోజు శిక్షణకు వెళ్లాను. పొద్దున ఆట గురించి చెప్పారు. మధ్యాహ్నం మైదానంలో ఆడి చూపించారట. ఆ మధ్యాహ్నం భోజనంలో వంకాయ కూర చాలా బాగుంది, నేను షామియానా వెనక పడుకుని లేచేసరికి అందరూ బస్సు ఎక్కుతున్నారు. బంతిని చెయ్యి కిందికి ఉంచి విసరాలి, బ్యాటుతో కొట్టాలి, నాలుగు మూలలూ చుట్టి మళ్లీ మొదలుపెట్టిన చోటికి రావాలి. నాకు తెలిసిన సాఫ్ట్‌బాల్ అదే. రాష్ట్రానికి ఆడిన ముచ్చట మాత్రం సాయంత్రానికి ఊరంతా పాకింది.

ఆట వచ్చింది, ఆడే జాగా లేదు. బడి వాకిట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఒక మూల, కొత్త గదుల కంకర ఒక మూల. ఊరి చుట్టూ పత్తి చేలు, బండరాళ్లు. రాయి లేని చదును నేల బడి గోడ వెనక ఒక్కటే ఉంది. అక్కడ ఒక అవ్వ గొర్రెల మంద పడుకునేది. ఆ అవ్వ ముందు ఊళ్లో ఎవరూ నోరెత్తరు. మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు బిగుసుకుపోయాయి. వంగవు. కర్ర ముందు నాటి, ఒక్కో కాలూ తిప్పి వేస్తూ నడుస్తుంది. ఆమె మనవరాలు మా దగ్గరే తొమ్మిదో తరగతి. ఆ ధైర్యంతో వెళ్లాను.

"అవ్వా, జర నీ జాగా ఇయ్యరాదు? ఆడివిల్లలు ఆడుకుంటరు."

"ఆడివిల్లలు ఆడుకుంటె నా గొర్లు యాడ పండాలె? నీ నెత్తి మీదనా?"

"గట్ల గాదవ్వా. గీ ఆటల మన పిల్లలు నల్గొండోళ్లను గెలుస్తరు. పేపర్ల ఫోటో వడ్తది."

"ఎవలు గెలిపిస్తరు? నువ్వా?"

"రాష్ట్రానికి ఆడినోన్ని అవ్వా నేను."

అంగట్లో గొర్రెను కొనేముందు పళ్లు చూసినట్టు అవ్వ నన్ను చూసింది. తరువాత కర్రతో నేల మీద ఒక గీత గీసింది.

"సరే సారూ. జిల్లా ఆటల దాక జాగా తీస్కో. నల్గొండోళ్లను గెలిస్తిరా, జాగా పిల్లలదే. ఓడితిరా, తెల్లారి నా మంద అండ్ల ఉంటది. మల్ల ఆట అనుకుంట నా ఆకిట్ల అడుగు వెట్టొద్దు."

ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

యూరియా సంచుల్లో మన్ను నింపి మూలలకు వేశాం. ముగ్గుతో గీతలు గీశాం. బంతి విసిరేవాళ్లు కావాలంటే ఒక్కొక్క పిల్లా వచ్చి విసిరింది, బంతులు అన్ని దిక్కులకూ పోయాయి. చివరికి అవ్వ మనవరాలు వచ్చింది. చేతిని ఒక పూర్తి చుట్టు తిప్పి నడుము దగ్గర వదిలింది. బంతి వెళ్లి బడి గోడకు తగిలింది. లోపల ఎనిమిదో తరగతి నల్లబల్ల మీద రాసిన అక్షరాలు రాలిపోయాయి.

"ఎవరు నేర్పిన్రు బిడ్డా గిది?"

"నేర్పేదేంది సార్? జొన్న చేను కాడ పిట్టలను గొడ్త గద. వడిసెల ఉంటె వడిసెలతోని, లేకుంటె ఉత్త చేతితోని."

సాఫ్ట్‌బాల్‌లో దీన్ని నేర్పడానికి రెండేళ్లు పడుతుందని నాకు తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం అంతా నా గొప్పే అన్నట్టు తల ఊపాను.

కథ దారి తప్పింది ఆ వెంటనే. మొదటి పిల్ల బ్యాటు పట్టుకుని అడిగింది: "కొట్టినంక ఎటు ఉరకాలె సార్?"

నేను ఆకాశం వంక చూశాను. వంకాయ కూర తప్ప ఏమీ గుర్తుకు రాలేదు. నన్ను అవ్వ మనవరాలే కాపాడింది.

"ఎటేందే? నడుమ నేను నిలవడ్త గద. నన్ను కుడిచేతి దిక్కు వెట్టుకొని తిరుగాలె. గుడి సుట్టు ఎట్ల తిరుగుతవ్?"

పిల్లలందరూ ఆ అడిగిన పిల్లను చూసి నవ్వారు. నాకూ సబబుగానే తోచింది. గుడి చుట్టూ అలాగే తిరుగుతాం, పెళ్లిలో హోమం చుట్టూ అలాగే తిరుగుతాం. ఎడమకు తిరిగేది చితి చుట్టూ ఒక్కటే. పిల్లల ఆటలో ఆ అశుభం ఎవరు పెడతారు? "గంతే," అని ఈల వేశాను.

అలా నెలల తరబడి, పొద్దునా సాయంత్రమూ, ప్రపంచంలో ఎవరూ ఆడని దిక్కున సాఫ్ట్‌బాల్ ఆడాం. బాగా ఆడాం. మధ్యలో ఒక మేక గ్లవ్ తిన్నది. మొత్తం కాదు, తాళ్లు. ఆ తాళ్ల బదులు చెప్పులు కుట్టే దారంతో కుట్టించాం.

జిల్లా ఆటల నాడు అవ్వ కూడా మాతో బస్సు ఎక్కింది. ఒళ్లో జొన్న రొట్టెల మూట. ఎందుకని అడిగితే, "నా జాగా నాకొచ్చేది కండ్లార సూడొద్దా?" అన్నది. మైదానంలో షామియానా కింద కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ముందు నల్గొండ జట్టు బ్యాటు పట్టింది. వాళ్లకు బూట్లు, టోపీలు, పేర్లు రాసిన చొక్కాలు. మనవరాలు చేయి తిప్పింది. వాళ్లలో ముగ్గురు వరసగా గాలిని కొట్టి వెళ్లి కూర్చున్నారు. ముగ్గురు పోతే వంతు మారుతుంది. మైదానం అంతా లేచి చూసింది. నా ఛాతీ చొక్కా గుండీలను తోసింది.

తరువాత మా వంతు. మా మొదటి పిల్ల కొట్టిన దెబ్బకు బంతి సాగర్ ఎడమ కాలువ దాకా పోయింది. పిల్ల బ్యాటు వదిలేసి పరుగు తీసింది. ఎడమ మూలకు.

ఒక్క క్షణం ఎవరికీ ఏం అర్థం కాలేదు. ఆ తరువాత వచ్చిన నవ్వును నేను ఇప్పటికీ మరువలేదు. అంపైర్ ఔట్ అని పిడికిలి ఎత్తి, మెల్లగా నా దగ్గరికి వచ్చారు.

"సార్, గా పిల్ల అటెందుకు ఉరికింది?"

"మా దిక్కు గట్లనే ఉరుకుతం."

"మీరు రాష్ట్రానికి ఆడిన్రట గద. ఏ రాష్ట్రానికి?"

ఆయన్ని అక్కడే నిలబెట్టి వెనక్కి తిరిగాను. పిల్లలను దగ్గరికి పిలిచాను. నా జీవితంలో అబద్ధం కలపకుండా చెప్పిన మాటలు తక్కువ. ఆ రోజు చెప్పాను.

"తప్పు నాది బిడ్డా. నేను గీ ఆట ఎన్నడూ ఆడలే. కుడి మూలకు ఉరకాలె."

"అంటె ఎడమ దిక్కు వెట్టుకొని తిరుగాలెనా సార్?" మనవరాలు గొంతు తగ్గించింది. "సచ్చినోళ్ల సుట్టు తిరిగినట్టా?"

తల ఊపాను. ఆ పిల్లలు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

తెలిసినంత మాత్రాన కాళ్లు వింటాయా? రెండో పిల్ల కొట్టి ఎడమకు నాలుగు అడుగులు వేసి, గుర్తొచ్చి తిరిగేసరికి అయిపోయింది. మూడో పిల్ల ఎటూ కదలకుండా నిలబడిపోయింది. ఒక్కో వంతూ అలాగే ముగుస్తోంది. మనవరాలి చేయి వల్ల వాళ్లకూ పరుగులు రాలేదు. కానీ చేయి ఎంతసేపు తిరుగుతుంది? చివరికి వచ్చేసరికి వాళ్లు ఒక పరుగు తీసేశారు. మాకు సున్నా. మిగిలింది మా ఆఖరి వంతు. అవ్వ వంక చూశాను. రొట్టె తుంచుకుని హాయిగా నములుతోంది. ఆమె మంద ఆ రాత్రే జాగాలోకి వచ్చేసినట్టు ఉంది ఆ ముఖం.

అప్పుడే షామియానాలోంచి ఎవరో గట్టిగా అన్నారు: "గొర్ల కాసెటోళ్లు గద! గొర్ల లెక్కనే ఉరుకుతున్నరు!"

చుట్టూ నవ్వారు. అవ్వ నమలడం ఆపింది. రొట్టెను మూటలో పెట్టి ముడి వేసింది. కర్ర నాటి లేచింది. ఎండలో మెల్లగా, ఒక్కో కాలూ తిప్పి వేస్తూ, కుడి మూల వెనకకు వెళ్లి నిలబడింది.

"అవ్వా, ఆడ నిలవడొద్దు," అన్నారు అంపైర్.

"గీత ఇవుతల్నే ఉన్న గదయ్యా. గీత నీది. గీత ఇవుతలి జాగా గూడ నీదేనా?"

అంపైర్ నా వంక చూశారు. నేను మేఘాల వంక చూశాను.

మా పిల్ల బంతిని కొట్టింది. కొట్టిన ఆ క్షణానే అవ్వ నాలుక మడిచి ఒక కేక వేసింది. సాయంత్రం మందను మలిపే కేక అది. మా ఊళ్లో పుట్టిన పిల్లలు అమ్మ గొంతు తరువాత విన్న గొంతు అదే. వాళ్లలో సగం మంది సెలవుల్లో ఆ మంద వెంట తిరిగినవాళ్లే. పిల్ల ఆలోచించలేదు. కాళ్లు వాటంతట అవే కేక వచ్చిన దిక్కుకు తిరిగాయి. కుడి మూల సంచి మీద కాలు పెట్టింది. బతికింది!

రెండో పిల్ల. అవ్వ కేక. ఆమె కూడా కుడికే. ముందు పిల్ల రెండో మూలకు చేరింది. తరువాతి ఇద్దరూ బంతికి బ్యాటు తగిలించలేక వెనక్కి వచ్చారు. ఇంకొక్కరు పోతే ఆట ముగిసినట్టే. బ్యాటు పట్టుకుని మనవరాలు వచ్చింది.

ఆ బంతి ఎంత దూరం పోయిందో చెప్పను, మీరు ఎలాగూ సగం తీసేస్తారు. వాళ్ల పిల్లలు దాని వెంట పడ్డారు, అంతే. అవ్వ కేక మీద కేక వేస్తోంది, కర్రను గాలిలో తిప్పుతోంది. షామియానా కింద నవ్విన వాళ్లు కూడా లేచి అరుస్తున్నారు. మొదటి పిల్ల వచ్చి చేరింది. సమం. రెండో పిల్ల మూడో మూల దాటింది, బంతి వెనకనే వస్తోంది, పిల్ల దుమ్ములోకి జారింది. దుమ్ము తేలిపోయేసరికి ఆమె చేయి సంచి మీద ఉంది.

అంపైర్ రెండు చేతులూ చాచారు. గెలిచాం!

అదిగో, అప్పుడు గెంతింది అవ్వ. మోకాళ్లు వంగలేదు, నిజమే. నిలువుగా, కర్రతో సహా, రెండు కాళ్లూ నేల వదిలాయి. షామియానా అంతా చూసింది.

తిరుగు బస్సులో పిల్లలు పాటలు పాడారు. అవ్వ మాత్రం కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. నా నోరు ఊరుకోదు కదా.

"అవ్వా, మరి జాగా?"

"నోరు మూస్కొని కూసో సారూ. నా నోటితోని నేనే పోగొట్టుకున్న." కొంతదూరం పోయాక మళ్లీ తనే అంది: "ఇగ నా గొర్లు యాడ పండాలె?"

మనవరాలు వెనక సీట్లోంచి వంగింది. "ఆట మాపటికి అయిపోతది. గొర్లు మాపటికే గద వచ్చేది. అండ్లనే పండనీ అవ్వా."

"మరి పెంట?"

"పొద్దుగాల మేమే ఊడ్చి మన చెల్కల పోస్తం."

అవ్వ కాసేపు లెక్క చూసుకుంది. తరువాత నా వంక తిరిగింది. "సారు గూడ ఊడ్వాలె. రాష్ట్రానికి ఆడినోడు గద."

ఊడ్చాను. ఏళ్ల తరబడి, రోజూ పొద్దున, పిల్లలతో పాటు చీపురు పట్టాను. ఆ నేల మీద పడి ఏ పిల్లకూ మోకాలు చెక్కుకుపోలేదు, అంత మెత్తగా తయారైంది. మా గెలుపు చూసి పక్క ఊళ్ల బళ్లు తమకూ నేర్పమని అడిగాయి. సంచి భుజాన వేసుకుని మహబూబ్‌నగర్ దిక్కు ఊళ్ల దాకా తిరిగాను. ఈసారి దిక్కు సరిగ్గా నేర్పాను. అయినా మా పిల్లలు ఆట మొదలయ్యే ముందు, విసిరే పిల్లను నడుమ నిలబెట్టి, ఆమెను కుడిచేతి దిక్కు పెట్టుకుని ఒక్క చుట్టు తిరుగుతారు. ఆ తరువాతే, ఆమెను ఎడమ దిక్కు పెట్టుకుని ఆటలో పరుగు. ఇప్పుడు ఆ రెండు దిక్కుల ఊళ్లలోనూ అదే రివాజు. బయటి జిల్లాల వాళ్లు చూసి, ఒళ్లు వేడెక్కడానికి అనుకుంటారు.

మనవరాలు ఇప్పుడు మహబూబ్‌నగర్ దిక్కు ఒక బడిలో పీఈటీ. మొన్న తన జట్టును మా జాగాకు తీసుకొచ్చింది. అవ్వ ఇప్పటికీ ఉంది. కుడి మూల వెనక ఆమె కుర్చీ ఉంది. బంతి తగలగానే ఆమె కేక వేస్తే రెండు జట్ల పిల్లలూ అటే ఉరికారు. మా బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు నా పక్కన నిలబడి చూస్తూ, కొంచెం అనుమానంగా అడిగారు.

"సార్, మీరు రాష్ట్రానికి ఆడిన్రట, నిజమేనా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

"ఆడిండు," అంది అవ్వ కుర్చీలోంచి, తల తిప్పకుండానే. "నేను సూసిన."