నూట పద్నాలుగో నంబరు వేలిముద్ర

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గొప్పకు చెప్పడం కాదు, నేర్చుకున్న చదువు అలాంటిది. పాలకొల్లులో డిగ్రీ అయ్యాక ఏడాది పాటు కంప్యూటర్ కోర్సు చేశాను. మిషన్ ఏదైనా చేసిందంటే ఎవరో దానికి అలా చెయ్యమని చెప్పి ఉంటారు, లేదంటే అందులో ఏదో పాడై ఉంటుంది, మూడో కారణం ఉండదు అని మాకు చెప్పేవారు. ఈ రోజుకీ నేను నమ్మేది అదే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ సరిగ్గా చెప్పుకోలేకపోయాను.

రెండు వేల సంవత్సరం దాటి అయిదారేళ్లయి ఉంటుంది. భీమవరం అవతల ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసులో నా ఉద్యోగం. చెరువుల నుంచి వచ్చిన రొయ్యలకు తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపేవారు. వలిచే పని అంతా ఆడవాళ్లదే. సముద్రం వైపు ఊళ్ల నుంచి కంపెనీ వ్యాన్లలో పొద్దున్నే వచ్చేవారు. వాళ్ల హాజరు చూడడం నా పని.

ఆ ఏడాది గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టారు. ఒకరికి బదులు ఇంకొకరు హాజరు వేయించుకుంటున్నారని పైవాళ్ల అనుమానం. చిన్న గాజుపలక మీద బొటనవేలు పెట్టాలి. మనిషిని గుర్తుపడితే పచ్చ లైటు వెలిగి ‘థాంక్యూ’ అనేది. గుర్తుపట్టకపోతే ఎర్ర లైటు వెలిగి ‘ప్లీజ్ ట్రై ఎగైన్’ అనేది. రెండూ ఒకే ఆడగొంతు.

ఆ మిషన్ కొన్నవాళ్లకు తట్టని విషయం ఒకటుంది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు నానుతూ, రొయ్య పొట్టు గీరుకుంటూ పని చేసేవాళ్ల వేళ్ల మీద గీతలు మిగలవు. అరిగిపోయి నున్నగా అయిపోతాయి. అందరికంటే ఎక్కువ అరిగిపోయినవి వీరవేణి వేళ్లు.

వీరవేణికి నలభై దాటి ఉంటాయి. నరసాపురం దిగువన, సముద్రం దగ్గర ఊరు. భర్త చేపల వేటకు వెళ్లేవారు, నడుం దెబ్బతిని మంచాన పడ్డారు. ఆమె పన్నెండేళ్లుగా రొయ్యలు వలుస్తోంది. ఆమె చేతి వేగం ఫ్యాక్టరీలో ఇంకెవరికీ లేదు. ముద్రలు ఎక్కించిన రోజు పది వేళ్లూ ప్రయత్నించాం. ఎన్నోసారికో కుడి బొటనవేలు ఎలాగో ఎక్కింది. ఆమె నంబరు నూట పద్నాలుగు.

ఆ తర్వాత మిషన్ ఆమెను గుర్తుపట్టిందే లేదు. కొబ్బరినూనె రాసుకొచ్చేది. వేలిని చీరకు రుద్ది వేడి చేసి పెట్టేది. వెనక వరుసలో వాళ్లు విసుక్కునేవారు. కొన్నాళ్లు నేను పుస్తకంలో రాసుకుని సర్దాను. ఇంతలో మేనేజరు గారు కాగితం అంటించారు. చేత్తో హాజరు వెయ్యడం ఇక లేదు, వరుసగా మూడు రోజులు మిషన్లో పడనివాళ్ల పేరు తీసెయ్యాలి.

మూడో రోజు వీరవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఎదురుగానే నిలబడ్డాను కదండి మేడం గారు. రోజూ చూత్తానే ఉన్నారు. నేను నేను కాదని ఆ డబ్బా చెబితే, మీరూ అలాగే అంటారాండి?”

నా చేతుల్లో ఏమీ లేదమ్మా అన్నాను. నిజానికి ఉంది. కంప్యూటర్లో హాజరు వేసే పాస్‌వర్డ్ నాకు తెలుసు. నెలాఖరు రిపోర్టులో బయటపడుతుందని భయపడ్డాను. ఆమె గొడవ పడలేదు. కంపెనీ ఇచ్చిన ఏప్రాన్, టోపీ మడతపెట్టి నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే పోయింది. పని లేక ఉప్పుటేరులో వల పట్టుకుని రొయ్యపిల్లలు ఏరడానికి దిగిందట. సముద్రం పోటు వచ్చేసరికి ఒడ్డుకు రాలేకపోయిందని వ్యాన్లో వచ్చే ఆడవాళ్లు చెప్పారు. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. మర్నాడు మామూలుగానే పనికి వెళ్లాను.

వారం తర్వాత, పొద్దున హాజరు లిస్టు కంప్యూటర్లోకి తీసుకుంటే అందులో నూట పద్నాలుగు ఉంది. టైము ఆరూ యాభై రెండు. ఆమె ముద్ర మిషన్లోంచి తీసెయ్యడం నేను మర్చిపోయాను. వేరేవాళ్ల వేలిని పొరపాటున ఆమెదనుకుని ఉంటుందిలే అనుకున్నాను. రెండో రోజూ ఉంది. అదే టైము.

గేటు దగ్గర వాచ్‌మన్ సూర్రావు గారు లోపలికి వెళ్లేవాళ్లను విడిగా లెక్కబెట్టి పుస్తకంలో రాసేవారు. ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు. ఆయన పుస్తకంలో అరవై మూడు. మిషన్లో అరవై నాలుగు. వేరేవాళ్ల వేలైతే వాళ్ల నంబరు పడకూడదు కదా, లెక్క సరిపోవాలి. అందరి నంబర్లూ పడి, ఆమెది పైన ఇంకొకటి పడింది.

మూడో రోజు నేనే వెళ్లి మిషన్ పక్కన నిలబడ్డాను. బాగా ఎండ వచ్చేసింది. వరుస కదులుతోంది. ఒకామె వేలు పెట్టి లోపలికి వెళ్లింది. వెనకామె చెప్పులు విప్పుకుంటూ రెండడుగుల దూరంలో ఆగింది. మిషన్ ముందు ఎవరూ లేరు. పచ్చ లైటు వెలిగింది. ‘థాంక్యూ’ అంది.

సూర్రావు గారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తల దించి పుస్తకంలో లెక్క మళ్లీ చూసుకున్నారు.

విజయవాడ నుంచి ఇంజినీరును పిలిపించారు. అతను మిషన్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. తప్పేమీ దొరకలేదు. కంప్యూటర్లో ఒక పట్టీ తెరిచాడు. వేలు ఎంత స్పష్టంగా పడిందో ప్రతి ముద్రకూ మిషన్ ఒక అంకె వేస్తుందట. మా ఆడవాళ్లందరివీ నలభై, యాభై దగ్గర ఉన్నాయి. నూట పద్నాలుగుకి ఆ రోజుల్లో పడినవన్నీ తొంభై పైనే.

“ఇది పని చేసి అరిగిన వేలు కాదండి. చిన్నపిల్ల వేలైనా అయ్యుండాలి” అన్నాడు. మేం ఎక్కించిన పాత ముద్ర అంత మసగ్గా ఉంటే, దానితో ఇంత బాగా ఎలా కలుస్తోందో తనకు అర్థం కాలేదన్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు.

మేనేజరు గారు నవ్వలేదు, భయపడలేదు. చనిపోయిన మనిషికి హాజరు పడుతోందంటే దొంగ హాజరంటారు, ముందు ఆ ముద్ర తీసెయ్యమ్మా, పాత లిస్టులు కూడా ఉంచకు అన్నారు. అప్పటికి పదకొండు రోజులు. తీసెయ్యమంటావా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది. అవును అని నొక్కాను. లిస్టుల్లోంచి ఆ పదకొండు వరుసలూ చెరిపేశాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గరే ఉన్నాను. ఆ టైముకి మిషన్ ముందు ఎవరూ లేరు. ఎర్ర లైటు వెలిగింది. ‘ప్లీజ్ ట్రై ఎగైన్.’ కొంచెం ఆగి మళ్లీ వెలిగింది. మళ్లీ ఆగి ఇంకోసారి. చీరకు వేలు తుడుచుకుని మళ్లీ పెట్టడానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో అంతంతసేపు.

వరుసలో ఎవరూ కదల్లేదు. ముందు నిలబడ్డ పెద్దామె ఒకతె మెల్లిగా అంది. “ఎళ్లిపో వీరవేణీ. నిన్ను తీసేశారే.”

గుర్తుపట్టనివాళ్ల వివరాలు ఆ మిషన్ రాసిపెట్టదు. కాబట్టి అది రుజువు చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను ఉద్యోగం మానేసేవరకూ, ఇంకో పందొమ్మిది రోజులు, పనిదినం అనేది తప్పకుండా అలాగే జరిగింది. ఆ కాసేపు ఆడవాళ్లు మిషన్ ముందు చోటు వదిలి నిలబడేవారు. ఎవరూ చెప్పకుండానే అది అలవాటైపోయింది.

మానేశాక ఒక మధ్యాహ్నం వీరవేణి వాళ్లింటికి వెళ్లాను. ఆమె భర్త అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉన్నారు. నేనెవరో చెప్పాను. జరిగినదంతా చెప్పాను. పాస్‌వర్డ్ సంగతి కూడా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. ఒక్క మాట అడిగారు.

“మరైతే ఆ పదకొండు రోజులూ దానికి హాజరు పడినట్టేనాండి?”

చెరిపేశానని మాత్రం నోరు రాలేదు. పడిందండి అన్నాను.

“ఆయ్, చాలండి. అది అడిగింది అంతే కదండి” అని ఆయన అటు తిరిగి పడుకున్నారు.

బస్సు కోసం ఎండలో నడుచుకుంటూ వచ్చేశాను. అప్పటి నుంచి ఎన్ని రకాలుగా ఆలోచించినా, గీతలే లేని వేలు అంత స్పష్టంగా ఎలా పడిందో, మనిషి లేకుండా గాజుపలక దేన్ని చూసిందో నాకు అంతు చిక్కలేదు. ఆ లిస్టులు ఉండి ఉంటే తెలిసినవాళ్లెవరైనా చూసి చెప్పేవారేమో. వాటిని నా చేతులతో నేనే లేకుండా చేశాను.