ముక్కుకు తెలియని కంపు

నా చిన్నప్పుడు మేం గాజువాకలో అద్దెకుండేవాళ్ళం. నాలుగో తరగతిలో నాతో ఒక అమ్మాయి చదివేది. వాళ్ళమ్మ గంపతో మా వీధికి చేపలు తెచ్చి అమ్మేది. ఆ అమ్మాయి క్లాసులోకి రాగానే పిల్లలందరూ ముక్కులు మూసుకునేవారు. నేనూ మూసుకునేవాణ్ణి. ఇంటికొచ్చి, వాళ్ళమ్మ దగ్గర కొన్న చేపల పులుసే రెండోసారి వడ్డించమని అడిగేవాణ్ణి. ఇందులో ఏదో తేడా ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఓ సాయంత్రం బడి సంచీతోనే తల్లి వెంట ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. అలవాటుగా నా చెయ్యి ముక్కు మీదికి పోయింది. మా తాతయ్య చూశాడు. వాళ్ళమ్మ గంప దించి, పిల్ల బడి మానేస్తానని వారం రోజులుగా ఏడుస్తోందని ఆయనతో చెప్పింది. తాతయ్య నన్ను తిట్టలేదు. ఆ పిల్ల నోటుపుస్తకం ఒకటి అడిగి తీసుకున్నాడు, నాదొకటి తెమ్మన్నాడు. తువ్వాలుతో నా కళ్ళకు గంతలు కట్టి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏది కంపు కొడతందో సెప్పరా."

తడుముకోకుండా రెండోది అన్నాను. గంతలు విప్పి చూస్తే అది నా పుస్తకం.

"మీ మనవడి పుస్తకం మాకన్నా ఎక్కువ సేపలు తినీసినట్టుంది తాతా," అని వాళ్ళమ్మ నవ్వింది.

తాతయ్య నవ్వలేదు. "ఆ కంపు నీ ముక్కు సెప్పింది కాదురా. పక్కోడి మొకం సూసి నేర్సుకున్నావు."

వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల నా దగ్గర ఆగింది. "రేపు నువ్వు మూసుకోవు కదేటి?"

మూసుకోనని మాటిచ్చాను.

మర్నాడు ఆ పిల్ల బడికి వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను వెతుక్కుంది. చుట్టూ చేతులు లేచాయి. పక్కవాడు నన్ను మోచేత్తో పొడిచాడు. ఏ వాసనా లేదని నాకు తెలుసు. అయినా నా చెయ్యి లేచింది.

ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ బడికి రాలేదు. కొన్నాళ్ళకు చిన్న గంపతో తల్లి వెనకాల మా వీధిలో కనిపించింది. మా ఇంటి ముందు మాత్రం ఆగేది కాదు.

తాతయ్య చెప్పింది అర్థంకాక చేసిన పని కాదది. అందుకే నాకు సాకు లేదు. పెద్దయ్యాక ఉద్యోగంలో కూడా అందరూ దూరం పెట్టిన మనిషితో నేనూ మాట్లాడడం మానేశాను, అతను చేసిన తప్పేమిటో అడక్కుండానే.

ఆ రోజు క్లాసులో మొదట ముక్కు మూసుకున్నది ఎవరో నాకు తెలియదు. ఆఖర్న మూసుకున్నది నేను. అప్పటిదాకా ఆ పిల్ల నావైపే చూస్తూ ఉంది.